వయ్యారిభామ చిరునామా

శీర్షిక: పరిసరాలు - పరిశీలనలు



మృగశిర కార్తె వచ్చింది. ఈ సంచిక మీ చేతికందే నాటికి బిలాస్‌పూర్ మైదానంలో తొలకరి పడి, వేసవి అంతా నెర్రెలిచ్చి ఉన్న నేల తడిసి ఉంటుంది. మా మోప్కాలో ఈ పదిహేను రోజులూ పరిశీలించదగినవి. ఊరు ఈ వైపుకు పెరుగుతూ వస్తున్నది కనుక, కట్టిన ఇళ్ళ నడుమ కట్టని స్థలాలు, వాటిలో మొరం కుప్పలు, పునాదుల కోసం తవ్విపోసిన మట్టి, సగం పూడిన కాలువలు ఎటు చూసినా కనిపిస్తాయి. నాలుగు వానలు పడగానే ఈ ఖాళీ స్థలాలన్నిటా పచ్చని, మెత్తని, అందమైన మొలకలు లేస్తాయి. చూసినవారు కొత్తిమీర అనుకుంటారు, క్యారెట్ అనుకుంటారు. పచ్చదనం వచ్చిందని సంతోషిస్తారు కూడా.

అది కొత్తిమీర కాదు. హిందీలో గాజర్ ఘాస్ అనీ, మన ఆంధ్ర ప్రాంతంలో వయ్యారిభామ అనీ, కొన్నిచోట్ల కాంగ్రెస్ గడ్డి అనీ పిలిచే పార్థీనియం. ఇంత చక్కని పేరు ఇంత చెడ్డ మొక్కకు ఎవరు పెట్టారో గాని, ఈ నెల దానిని గురించే ముచ్చటించుకుందాం. సలహాలు చెప్పేముందు ఒక విషయం ఒప్పుకోవలసి ఉన్నది. ఈ మొక్కను ఒక చోటికి స్వయంగా తీసుకువెళ్ళి నాటినవారిలో నేనూ ఒకడిని.

ఒక పాత పొరపాటు

అది నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల మాట. ఒక నిర్మాణ స్థలంలో పల్లపు భూమిని మట్టితో ఎత్తు చేసే పని నాకు అప్పగించారు. ఎంత మట్టి కావాలో లెక్క కట్టాను, దాని గట్టితనం పరీక్షించాను, తేమ శాతం కొలిచాను. రవాణా ఖర్చు తగ్గుతుందని దగ్గరలోని ఒక పాడుబడిన స్థలం నుంచి మట్టి తీయించాను. ఆ స్థలమంతా తెల్లని చిన్న చిన్న పూలతో నిండి ఉన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. పూలను నేను చూశాను. చూసి పట్టించుకోలేదు. పైపొర మట్టిలో విత్తనం ఉంటుందన్న ఆలోచన ఇంజనీరింగ్ పాఠాలలో ఎక్కడా తగలలేదు.

మరుసటి వర్షాకాలానికి మేము ఎత్తు చేసిన భూమి అంతా నడుము ఎత్తున వయ్యారిభామ లేచింది. అంతకుముందు ఆ పరిసరాలలో అది లేదు. ఇంతలో పై అధికారుల తనిఖీ ఖరారైంది. మూడు రోజుల్లో మొక్కలన్నీ పీకించి శుభ్రం చేయించమని నేను ఆదేశించాను. పీకినవారు రేజాలు, అంటే ఈ ప్రాంతపు నిర్మాణ పనుల్లో మట్టి మోసే స్త్రీ కూలీలు. చేతికి తొడుగు లేదు, ముఖానికి గుడ్డ లేదు. మొక్కలు అప్పటికే నిండుగా పూసి ఉన్నాయి.

రెండో రోజు సాయంత్రం ఒక రేజా నా దగ్గరకు వచ్చి చేతులు చూపించింది. మోచేతి దాకా ఎర్రగా దద్దులు. "సాహెబ్, మండుతున్నాయి" అన్నది. ఎండ వల్లనేమో, కొబ్బరినూనె రాసుకోమన్నాను. తనిఖీ బాగా జరిగింది. స్థలం శుభ్రంగా ఉన్నదని మెచ్చుకున్నారు కూడా. ఆ తరువాతి రెండు వర్షాకాలాలూ ఆమె నా కళ్ళబడుతూనే ఉన్నది. ఆ మొక్క దరిదాపులకు వెళ్ళినా, గాలి అటునుంచి వీచినా, మెడ, కనురెప్పలు, మోచేతుల మడతలు వాచిపోయేవి. క్రమేణా ఆమె మట్టి పని మానుకున్నది. ఆ దద్దులకు కారణం ఎండ కాదని నేను తెలుసుకునేసరికి ఆమె ఎక్కడ ఉన్నదో నాకు తెలియకుండా పోయింది.

ఈ వ్యాసం ఆ రేజా చేతులను దృష్టిలో ఉంచుకొని వ్రాస్తున్నాను.

ఎక్కడి మొక్క, ఎట్లా వచ్చింది?

పార్థీనియం హిస్టెరోఫోరస్ మెక్సికో సింధుశాఖ పరిసర ప్రాంతాలకు చెందిన మొక్క. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందినది. మన దేశంలో ఇది కలుపుగా 1955లో పూణేలో గుర్తింపబడింది. ఆనాడు అమెరికా నుంచి దిగుమతి అయిన గోధుమలతో వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. 1814లో కలకత్తా వృక్షోద్యానానికి సంబంధించిన రాక్స్‌బర్గ్ జాబితాలోనే దీని పేరు ఉన్నదని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. ఎప్పుడు అడుగు పెట్టినా, 1955 తరువాతనే అది దేశమంతటా అల్లుకుపోయింది. ఈనాడు సుమారు 3.5 కోట్ల హెక్టార్ల భూమిలో ఉన్నదని జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధనా డైరెక్టరేట్ వారి అంచనా.

దీని బలం మూడు విషయాలలో ఉన్నది. మొదటిది తొందర. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాలకే పూతకు వస్తుంది. తేమ దొరికితే చాలు, ఏ నెలలోనైనా మొలుస్తుంది. రెండవది సంతానం. నక్షత్రం వంటి ఒక్కొక్క తెల్లని పువ్వులో ఐదు గింజలు ఉంటాయి. బాగా ఎదిగిన ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 వరకు గింజలు రాలుస్తుంది. అవి గాలికి, నీటికి, బురదకు, బండి చక్రాలకు, గొర్రెల ఉన్నికి, మన చెప్పులకు అంటుకొని పోతాయి. నేలలో పూడిన గింజ ఏళ్ళ తరబడి ప్రాణం నిలుపుకొని ఉంటుంది. మూడవది విషం. దీనిలోని పార్థెనిన్ అనే రసాయనం పక్క మొక్కలను ఎదగనివ్వదు. మనుషులలో కొందరికి ఒంటిపై దద్దులు, దురద కలిగిస్తుంది. పుప్పొడి వల్ల తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. పశువులు సాధారణంగా దీనిని ముట్టవు. మేతలో కలిసిపోయి తింటే పాలు చేదెక్కుతాయి.

గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఈ అలర్జీ చాలామందికి మొదటి రోజునే రాదు. పదే పదే తాకగా తాకగా శరీరం ఒకనాడు తిరగబడుతుంది. ఆ తరువాత అది ఏళ్ళ తరబడి వదలదు. "నేను ఇన్నాళ్ళుగా పీకుతున్నాను, నాకేమీ కాలేదు" అనే ధైర్యం అందువల్ల పనికిరాదు.

మొదటి సాధనం: తెలివిడి

కలుపు నివారణ అనగానే మనకు మందు గుర్తుకు వస్తుంది. నా అనుభవంలో మందు కంటే ముందు రావలసినది గుర్తింపు. పూసిన వయ్యారిభామను గుర్తుపట్టని వారు లేరు. మొలకను గుర్తుపట్టేవారు నూటికి పదిమంది లేరేమో. పీకవలసినది మాత్రం మొలకనే.

మా పక్కింటి పెద్దాయన విశ్రాంత రైల్వే గార్డు. వారి తండ్రిగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఇల్లు దాటి రెండు తరాలైనా వారి మాటలో ఆ యాస పోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం నేను శ్రద్ధగా చేతి తొడుగులు వేసుకొని ప్రహరీ పక్కన పూసిన మొక్కలను పీకి, వేళ్ళకున్న మట్టి దులిపి కుప్ప వేస్తున్నాను. వారు గోడ మీదుగా కాసేపు చూసి అన్నారు.

"ఏటండీ ఇంజనీరు గారూ, పీకేస్తున్నారా, జల్లేస్తున్నారా? పెళ్ళిలో అక్షింతల్లాగ నాలుగు పక్కలా పడిపోతన్నాయి గదా!"

వారన్నది అక్షరాలా నిజం. ముదిరిన మొక్కను దులపడమంటే వచ్చే సంవత్సరానికి విత్తనం చల్లడమే. నాటినుంచి నేను పెట్టుకున్న నియమం ఇది: పువ్వు రాకముందైతే పీకు, గింజ పట్టిన తరువాతైతే కదిలించకుండా కోసి గోనెసంచిలో వేసి మూతి కట్టు.

ఈ సందర్భంలో మన కాలనీలన్నిటికీ వర్తించే కొన్ని మాటలు.

వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు పీకాలి. అప్పుడు వేరుతో సహా వస్తుంది. పైన కత్తిరిస్తే మొదలు నుంచి మళ్ళీ చిగురించి మరింత తొందరగా పూస్తుంది.

పీకేవారు ఎవరైనా సరే, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం, చర్మవ్యాధి ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. మాలీకి, రేజాకు, సఫాయీ కార్మికునికి తొడుగులు ఇవ్వడం పని చేయించేవారి బాధ్యత. అవి లేకుంటే ఆనాటికి పని ఆపడం మంచిది.

పూతకు రాని మొక్కలను గోతిలో వేసి ఎరువు చేసుకోవచ్చు. పూసినవాటిని ఎరువు గోతిలో వేయరాదు. ఆ ఎరువుతో పాటు గింజలు కూడా తోటకు వెళతాయి.

ఉప్పు నీళ్ళు చల్లితే చస్తుందని చాలామంది చెబుతారు. 15 నుంచి 20 శాతం ఉప్పు ద్రావణానికి అది వాడిపోయే మాట నిజమే. కాని ఇంజనీరుగా ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. ఉప్పు నేలను పాడు చేస్తుంది. కాంక్రీటులోని ఇనుమును, ఎర్తింగ్ పట్టీలను తుప్పు పట్టిస్తుంది. గోడల పక్కన, స్తంభాల మొదళ్ళ దగ్గర, విద్యుత్ యార్డులలో దాని జోలికి పోవద్దు.

రెండవ సాధనం: పటం

ఏ మరమ్మతు పనికైనా ముందు మనం లోపాల పట్టిక తయారు చేస్తాం. కలుపు విషయంలో మాత్రం కనిపించిన చోటల్లా పీకి, అలసిపోయి, వదిలేస్తాం. ఎక్కడ ఉన్నదో, ఎక్కడి నుంచి వస్తున్నదో వ్రాసుకోము. దానికి ఒక చిరునామా అంటూ లేదనుకుంటాం. నిజానికి దాని చిరునామా చాలా కచ్చితమైనది.

గత సంవత్సరం మా వీధుల వరకు ఒక పటం గీశాను. పెద్ద పరికరాలేమీ లేవు. ఒక లేఅవుట్ నకలు, మూడు రంగుల పెన్సిళ్ళు, చేతిలో సెల్‌ఫోను. మొలకలు ఉంటే ఆకుపచ్చ చుక్క, పూత ఉంటే పసుపు, గింజ పట్టి ఉంటే ఎరుపు. సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలో స్థలం వివరం కూడా నమోదవుతుంది కనుక సందేహం వస్తే మళ్ళీ అక్కడికే వెళ్ళి చూడవచ్చు. జూన్ చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి, వానలు వెనుదిరిగాక అక్టోబరులో ఒకసారి తిరిగాను.

మూడు పటాలూ పక్కపక్కన పరచుకొని చూస్తే నా ఊహ తలకిందులైంది. కలుపు అంతటా ఉన్నదనుకున్నాను. అంతటా లేదు. జూన్ నాటి ఆకుపచ్చ చుక్కలు చాలావరకు నాలుగు రకాల చోట్లనే గుంపు కట్టి ఉన్నాయి. కొత్తగా మొరం పోసిన రోడ్డు అంచులు, కాలువ పూడిక తీసి గట్టున వేసిన చోట్లు, ఇసుక, మట్టి లారీలు దింపే మూలలు, ఇల్లు మొదలుపెట్టి ఆపేసిన స్థలాలు. గడ్డి దట్టంగా అల్లుకున్న పాత మైదానంలో ఒక్క చుక్క కూడా పెట్టవలసిన పని పడలేదు. అక్టోబరు నాటి ఎరుపు చుక్కల నుంచి నీరు పారే వాలు వెంట పెన్సిలు జరుపుతూ పోతే, మరుసటి ఏడు ఎక్కడ మొలుస్తుందో ముందే చెప్పవచ్చుననిపించింది.

కలుపును మోసుకు తిరుగుతున్నది మన పనులే అని ఆ పటం నాకు చెప్పింది. మనం తవ్విన చోట, తెచ్చిపోసిన చోట, వదిలేసిన చోట అది మొలుస్తున్నది. నేను తొలినాళ్ళలో చేసిన పొరపాటును మా వీధులలో ఎందరో తెలియక మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి కూడా ఈ మొక్క 1950 దశకంలో చేరింది. అక్కడ కలుపు ఉన్న ప్రాంతం నుంచి బయటికి వచ్చే వాహనాలను, కోత యంత్రాలను కడగడానికి ప్రత్యేకంగా స్థలాలు ఏర్పాటు చేశారు. మనకూ ఇది అసాధ్యమేమీ కాదు. ఒక పని స్థలం నుంచి మరొక స్థలానికి పొక్లెయిన్ గాని, డంపరు గాని వెళ్ళేముందు చక్రాలకు, బకెట్‌కు అంటిన మట్టిని అక్కడే కడిగించడం, మట్టి తీసే స్థలాన్ని పూత కాలంలో ఒకసారి చూసి రావడం - ఈ రెండింటిని పని షరతులలో చేర్చితే చాలు. పెద్ద ఖర్చు లేదు. లెవెల్ యంత్రం పట్టుకొని వెళ్ళేవారు నేల వంక కూడా ఒకసారి చూస్తే సరిపోతుంది.

మూడవ సాధనం: పెంకుపురుగు

ఇక ఎంత పీకినా తరగని చోట్లు ఉంటాయి. ఎవరి అధీనంలోనూ లేని బయళ్ళు, వాగు ఒడ్డులు, రైలు పట్టాల వెంబడి భూములు. అక్కడ మనకు తోడు వచ్చేది ఒక చిన్న పురుగు.

పరదేశపు మొక్క ఇక్కడ విజృంభించడానికి ముఖ్యకారణం దాని శత్రువులు వెంట రాకపోవడం. కనుక దాని జన్మస్థానంలో దానిని మాత్రమే తిని బ్రతికే జీవిని వెతికి, పరీక్షించి తీసుకురావాలి. దీనినే జీవ నియంత్రణ అంటారు. మన దేశానికి ఇది కొత్త కాదు. 1795లో ఎర్రరంగు ఇచ్చే విలువైన పురుగు అనుకొని బ్రెజిల్ నుంచి ఒక పురుగును తెచ్చారు. అది అసలు రంగు పురుగు కాదు గాని, ఒక జాతి నాగజెముడును తిని తుడిచిపెట్టింది. పొరపాటున జరిగిన ఆ మేలును తరువాతివారు బుద్ధిపూర్వకంగా ఉపయోగించుకున్నారు. 1926లో సింహళం నుంచి తెచ్చిన మరొక పురుగు దక్షిణ దేశంలో వేరొక జాతి నాగజెముడును అణచివేసింది.

వయ్యారిభామ కోసం మెక్సికో నుంచి తెచ్చిన పెంకుపురుగు పేరు జైగోగ్రామా బైకలరేటా. పరీక్షల అనంతరం 1984లో బెంగుళూరులో విడుదల చేశారు. పెసరగింజకు కాస్త పెద్దగా ఉంటుంది. పాలమీగడ రంగు వీపు మీద నల్లని వంకర గీతలు. ఆకు అడుగున గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు చిగుళ్ళను, లేత మొగ్గలను తినేస్తాయి. గుడ్డు నుంచి పురుగు కావడానికి సుమారు నెల రోజులు పడుతుంది. వానలు వెనుదిరిగాక భూమిలోకి దిగి నిద్రపోతుంది. మళ్ళీ తొలకరికి పైకి వస్తుంది. అంటే కలుపు మొలిచే వేళకే అదీ మేలుకుంటుంది.

గత సంవత్సరం ఆగస్టులో మా గార్డు గారు మందు కొట్టే పంపు భుజాన వేసుకొని వీధి చివరి ఖాళీ స్థలం వైపు బయలుదేరారు. ఎక్కడికండీ అని అడిగాను.

"ఆ మూల మొక్కలకు పురుగు పట్టీసిందండీ. ఆకులన్నీ జల్లెడలా అయిపోనాయి. మన పెరడులోకి వచ్చీలోగా మందు కొట్టీవాలి గదా."

వెళ్ళి చూద్దునుగదా, అవి గీతల పెంకుపురుగులు. మేము తీసుకురాలేదు, మాకు తెలియకుండా ఎవరు వదిలారో, ఎక్కడి నుంచి ఎగిరి వచ్చాయో! పంపు దింపించి, ఆకు తిప్పి గుడ్లు చూపించాను. ఆ పెద్దాయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశారు. ఆనాటి నుంచి ఆ స్థలానికి వారే కాపలా. పటంలో ఆ చోటు చుట్టూ నీలం గీత గీశాను. నీలం గీత లోపల పీకరాదు, మందు కొట్టరాదు, చలికాలంలో నేల తవ్వరాదు. అక్కడి పురుగు అక్కడే పెరిగి చుట్టుపక్కలకు ఎగురుతుంది. శుభ్రత పేరుతో ఆ కొద్ది మొక్కలను కూడా తీసివేస్తే, పురుగు ఆకలితో చస్తుంది, కలుపు మాత్రం గింజ నుంచి మళ్ళీ లేస్తుంది. పటం అవసరం నాకు పూర్తిగా అర్థమైనది అప్పుడే.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటున్నది. ఈ పురుగు రేపు మన పంటల మీద పడదా? ఈ అనుమానం న్యాయమైనదే. ఆస్ట్రేలియావారు 1935లో చెరకు పురుగుల కోసం హవాయి నుంచి కప్పలను తెచ్చి వదిలారు. కనిపించినదల్లా తినే ఆ కప్పలు చెరకు పురుగును తగ్గించలేదు సరికదా, తామే పెద్ద బెడదగా మారాయి. అందుచేతనే ఏ జీవినైనా ఒక్క మొక్క మీదనే ఆధారపడుతుందని పరీక్షించిన తరువాతనే వదులుతారు. మన పెంకుపురుగు కూడా 1990ల ఆరంభంలో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకులను కొరికిందని పెద్ద దుమారం లేచింది. వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి ఆ ఆకుల మీద పడినందువల్లనే పురుగు వాటిని కొరికిందని పరిశోధకులు తేల్చారు. ఆ పంట మీద అది తన సంతతిని నిలుపుకోలేదు. నాటి నుంచి దేశంలో అనేక రాష్ట్రాలకు ఈ పురుగు వ్యాపించింది.

అట్లని దీనిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. ఎండాకాలంలో నీటి కాలువ పక్కన మొలిచే కలుపును ఇది ముట్టదు, అప్పుడది నిద్రలో ఉంటుంది. వానలు ఆలస్యమైతే పురుగు సంఖ్య పెరిగేలోగానే మొక్క పూసేస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో 1980 నుంచి తొమ్మిది రకాల కీటకాలను, రెండు రకాల తుప్పు తెగులు శిలీంధ్రాలను వదిలి కూడా, మనుషుల శ్రమను మానుకోలేదు.

నీటి కలుపు మొక్కల విషయంలో ఫలితం మరింత స్పష్టం. మన రైలు మార్గంలోనే ఉన్న కట్నీ సంగతి చూడండి. ఆ జిల్లాలో సుమారు 20 హెక్టార్ల ఒక చెరువును బ్రెజిల్ దేశపు నీటి ఫెర్న్ సాల్వీనియా మొలెస్టా పూర్తిగా కప్పివేసింది. చేపలు పట్టుకొనేవారి జీవనం ఆగిపోయింది. జబల్‌పూర్ శాస్త్రజ్ఞులు 2019 డిసెంబరులో సిర్టోబేగస్ అనే ముక్కుపురుగును వదిలారు. సుమారు ఏడాదిన్నరలో నీరు బయటపడింది. ఇదే పురుగు 1980లలో కేరళ కాలువలలో ఇదే పని చేసింది. మన గుర్రపుడెక్కకు కూడా 1982-83 ప్రాంతంలో తెచ్చిన ముక్కుపురుగులున్నాయి. చెరువులో మురుగు నీరు కలుస్తున్నంత కాలం గుర్రపుడెక్క పురుగు తిన్నదానికంటే ఎక్కువ పెరుగుతూనే ఉంటుందన్నది వేరే మాట.

ఖాళీ నేల మిగల్చవద్దు

పీకిన చోట ఏమీ వేయకపోతే పీకినది వృథా. మా పాత మైదానంలోని గడ్డి నేర్పిన పాఠమిదే. దానికి తగిన మొక్క ఈ ప్రాంతంలోనే ఉన్నది. ఛత్తీస్‌గఢ్ ఇళ్ళలో తొలకరికి చరోటా భాజీ అని వండుకునే ఆకుకూర మనందరికీ పరిచయమే. మనవైపు తగిరిస అనీ, తంటెము అనీ అంటారు. అది దట్టంగా మొలిచిన చోట వయ్యారిభామ తల ఎత్తలేదు. చలికాలంలో దాని కాయలు సేకరించి ఉంచుకొని, వానలకు ముందు కలుపు ఉండే చోట చల్లితే సరిపోతుంది. ఇళ్ళ ముందు బంతి మొక్కలు వేసినా మంచిదే. దసరాకు తోరణాలకూ పనికి వస్తాయి.

జబల్‌పూర్‌లో 1989లో నెలకొల్పిన జాతీయ కలుపు పరిశోధనా కేంద్రమే నేటి కలుపు పరిశోధనా డైరెక్టరేట్. వారు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారోత్సవం జరుపుతారు. పెంకుపురుగుల విడుదల గురించి సలహాలు ఇస్తారు. ఒక్కొక్క చోట 500 నుంచి 1000 వరకు పురుగులను వదలడం మంచిదని వారి సూచన. మన కాలనీలలో కూడా ఆ వారం ఏదో ఒక కార్యక్రమం జరుగుతుంది. అతిథులు వస్తారు, బ్యానరు కడతారు, శ్రమదానం చేస్తారు. శ్రమదానం అనగానే పాఠశాల పిల్లలను వరుసలో నిలబెట్టి మొక్కలు పీకిస్తారు.

నా మనవి ఆ చివరి అంశం గురించే. దయచేసి పిల్లల చేత వయ్యారిభామను పీకించవద్దు. ఆగస్టు మూడవ వారానికి అది పూతలో ఉంటుంది. ఆ పసి చేతులకు, ఆ ఊపిరితిత్తులకు ఇది మొదటి పరిచయం కారాదు. పిల్లలకు కాగితం, రంగు పెన్సిళ్ళు ఇవ్వండి. వారిని రోడ్డు మీద నిలబడి చూసి, కాలనీ పటంలో చుక్కలు పెట్టమనండి. ఆకుపచ్చ ఎక్కడ, పసుపు ఎక్కడ, గీతల పురుగు ఎక్కడ కనిపించిందో వ్రాయమనండి. వారి కళ్ళు మన కళ్ళ కంటే చురుకైనవి. ఇంటికి వచ్చి పెద్దలకు మొలకను చూపించి పేరు చెప్పేది కూడా వారే. పీకే పని తొడుగులు వేసుకున్న పెద్దలది. అదీ ఆగస్టులో కాదు, ఇప్పుడు, ఈ జూన్, జూలై నెలల్లో, నేల మెత్తగా ఉన్నప్పుడు, పువ్వు రాకముందు.

ఈ ఆదివారం నేను మోప్కాలో ఈ సంవత్సరపు మొదటి పటానికి బయలుదేరుతున్నాను. గార్డు గారు కూడా వస్తామన్నారు. వీధి చివర నీలం గీత స్థలంలో నిద్రపోయిన పురుగులు లేచాయో లేదో చూడాలని వారికి నాకంటే ఆత్రంగా ఉన్నది. దారిలో మాలీకి ఇవ్వడానికి నాలుగు జతల చేతి తొడుగులు కొని సంచిలో పెట్టుకున్నాను. అవి ఆనాడే కొనవలసినవి.

మీ కాలనీ పటం గీస్తే దాని నకలు ఈ శీర్షికకు పంపండి. వచ్చే సంచికలో పెరటి చెత్తతో ఎరువు తయారీ గురించి ముచ్చటించుకుందాం. సెలవు.